నికెలక్కకి అంటుకున్నది

నికెలక్క పొద్దున్నే లేచి పొయ్యి మీద టీ పెట్టుకునేది. ఇందులో విశేషమేమీ లేదు గానీ, ఆమె పక్కన నిలబడితే చాలు, టీ పెట్టీ పెట్టగానే మరిగిపోయేది. కాస్త వెనక్కి జరిగి గుమ్మంలో నిలబడితే అందరి టీలాగే నింపాదిగా మరిగేది. అందుకని రంగు బాగా దిగాలనుకున్న రోజు ఆమె గుమ్మంలోనే ఆగిపోయేది. తొందరున్న రోజు పొయ్యి దగ్గర నిలబడేది. ఒంటరి మనిషికి తొందరేముంటుంది? ఆమె ఎక్కువగా గుమ్మంలోనే ఉండేది.

ఆమె పనిచేసేది నూనె ఫ్యాక్టరీలో. పల్చటి నూనెని అక్కడ గట్టి కొవ్వుగా మారుస్తారు. పెద్ద ఇనప ట్యాంకులో నూనె పోసి, బాగా కాచి, కొంచెం నల్లటి నికెల్ పొడి కలిపి, అడుగు నుంచి హైడ్రోజన్ వాయువు వదులుతారు. నూనె, వాయువు వచ్చి నికెల్ మీద కలుసుకుంటాయి. కలిసిన పని అవగానే వెళ్ళిపోతాయి. నికెల్ ఎలా వచ్చిందో అలాగే మిగిలిపోతుంది. ఆ మిగిలినదాన్ని గుడ్డల్లోంచి వడగట్టి, గుడ్డలకి పట్టిన నల్లటి ముద్దని చెక్కబద్దతో గీకి, గాలి తగిలి నిప్పంటుకోకుండా నూనెలో నానబెట్టి, మర్నాటికి సిద్ధం చేయడం ఆమె పని. అలా వచ్చిందే ఆ పేరు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తెలుసు. ఆయన కూడా దాన్ని నెలకొకసారే పలికేవాడు.

ట్యాంకు మొండికేసిన రోజు ఫోర్‌మన్ ఆమెని పిలిచి పక్కన నిలబెట్టేవాడు. పొద్దుగూకే దాకా పట్టే పని మధ్యాహ్నం భోజనం బెల్లుకే తేలిపోయేది. పై అధికారులు ఫోర్‌మన్‌ని మెచ్చుకుంటే ఆయన మీసం సవరించుకునేవాడు. నికెలక్క మళ్ళీ చెక్కబద్ద పట్టుకునేది.

వీధిలోవాళ్ళయితే ఆమెని నిచ్చెన అడిగినట్టు అడిగి తీసుకుపోయేవారు. తలుపులకి వేసిన రంగు ఆరకపోయినా, రొట్టెల పిండి పొంగకపోయినా, పసిబిడ్డకి పళ్ళు రాకపోయినా, "నికెలక్కా, ఓ అరగంట మా ఇంట్లో కూర్చుంటావా?" అనేవారు. మూలింటి పెద్దాయన కూతురికి క్షమాపణ ఉత్తరం రాద్దామని కూర్చుని, "చిరంజీవి" దగ్గరే ఆగిపోయి ఏడాదైంది. నికెలక్క వెళ్ళి ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుంటే కాగితం రెండు వైపులా నిండిపోయింది. పని అవగానే, "చాలా మేలు చేశావు తల్లీ" అంటూ గుమ్మం దాకా వచ్చి, ఆమె చెప్పులు ఏ మూల విడిచిందో కూడా వాళ్ళే చూపించేవారు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు పాపం. తెప్పని జాగ్రత్తగా ఒడ్డున కట్టేసే రకం, రేపు మళ్ళీ కావాలిగా మరి.

అయితే చాలామంది ఒక సంగతి మర్చిపోయేవారు. ఆమెకి ఏదీ చేయడం రాదు. జరగబోయేది కాస్త ముందు జరుగుతుంది, అంతే. ఎదురింటి మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకుని, రాజీ కుదురుతుందని ఆమెని పిలిచి మధ్యలో కూర్చోబెట్టారు. టీ కప్పు ఖాళీ అయ్యేలోపే ఎవరి బట్టలు వాళ్ళు సర్దుకున్నారు. ఆ ఇల్లాలు పుట్టింటికి వెళ్తూ, "పోనీలే, మిగిలిన పదేళ్ళ గొడవ ఒక్క పూటలో తీరింది" అని నికెలక్క చేతులు పట్టుకుని మరీ వెళ్ళింది.

అన్నీ మారుతుంటే తను మాత్రం మారేది కాదు. నలభై దాటినా ముప్పై నిండనట్టే ఉండేది. చెల్లెలితో బజారుకి వెళ్తే కొట్టువాళ్ళు చెల్లెల్ని చూపించి "మీ అమ్మగారా?" అని అడిగేవారు. చెల్లెలు ఆ మాటకి ఉడుక్కుని రెండు వీధుల దాకా మాట్లాడేది కాదు. వీధంతా దగ్గుతున్నా ఆమెకి జలుబు అంటేది కాదు. పూసుకున్న అత్తరు గడప దాటేలోపు ఎగిరిపోయేది. ఒకసారి గదిలోకి పిల్లికూన వచ్చింది. మధ్యాహ్నానికల్లా పెద్దదైపోయి, సాయంత్రానికి ఇంకో గోడ చూసుకుంది. మనుషుల సంగతీ అంతే. ఎప్పుడో ప్యాకింగ్‌లో పనిచేసే ఒకతను ఆమెని ఇష్టపడ్డాడు. ఆ ఇష్టం పుట్టడం, పెరగడం, పాతబడడం అన్నీ ఒక్క వారంలో అయిపోయాయి. మనిషి మంచివాడే. ఇంకో అమ్మాయిని చేసుకోబోతున్నానని మొట్టమొదట ఆమెకే వచ్చి చెప్పాడు. ఆ రోజు నికెలక్క గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏడ్చింది, పొయ్యి మీద టీ లేకపోయినా.

అలాంటి రోజుల్లో టీచర్ గారు ఆ వీధికి వచ్చింది. నికెలక్కకి తొమ్మిదో తరగతిలో రసాయనశాస్త్రం చెప్పినావిడ. రిటైరయ్యాక తమ్ముడితో కలిసి ఉండడానికి వచ్చింది. తమ్ముడికి ముందుగదిలో కళ్ళజోళ్ళ కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆయన్ని అందరూ కళ్ళజోళ్ళాయన అనేవారు. కుళాయి దగ్గర నికెలక్కని చూసి టీచర్ గారు వెంటనే గుర్తుపట్టింది. ఎలా మర్చిపోతుంది? లాబులో బర్నర్ వెలిగించేలోపే ఈ పిల్ల గాజుగొట్టంలో ప్రయోగం పూర్తయ్యేది. మిగతా పిల్లలకి చూపించడానికేం మిగలడం లేదని ఆవిడే ఈ పిల్లని చివరి బెంచీకి పంపించేది. "అప్పుడు నిన్ను దూరంగా కూర్చోబెట్టాను కదూ" అంటూ ఇంటికి తీసుకెళ్ళింది.

నికెలక్క అలవాటుగా ఇల్లంతా కలియజూసింది. ఆగిపోయిన గడియారముందా, మంచాన పడ్డ మనిషున్నాడా, తడారని గోడ ఉందా అని చూసింది. ఏమీ కనబడలేదు. టీచర్ గారికి మాట్లాడే మనిషి కావాలి, అంతే. తమ్ముడికి కటకాల నంబర్లు తప్ప ఇంకో లోకం లేదు. ఆ సాయంత్రం మొదలు నికెలక్క రోజూ ఫ్యాక్టరీ నుంచి సరాసరి అక్కడికే వెళ్ళేది.

గోడ మీద, వెనక గుడ్డ అంటించిన పాత చార్టు ఒకటి ఉండేది, మూలకాలన్నీ గళ్ళల్లో కూర్చున్న చార్టు. టీచర్ గారికి అది చార్టు కాదు, ఉమ్మడి కుటుంబం. ఎడమ చివరివాళ్ళు కోపిష్టివాళ్ళట, నీళ్ళు తగిలినా భగ్గుమంటారు. కుడి చివరివాళ్ళు గొప్పింటివాళ్ళు, ఎవరితోనూ కలవరు. మధ్యలో ఇనుము, రాగి, వెండి, నికెల్, ప్లాటినం, ఈ పరివర్తన లోహాలన్నీ నడిపి సంతానం. "ఏ ఇంట్లో చూడు, చాకిరీ అంతా నడిపివాళ్ళ మీదే పడుతుంది" అనేది. అడుగున విడిగా రెండు వరుసలున్నాయి. వాటిని చూపించేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు తగ్గేది. వాళ్ళు అంతర పరివర్తన లోహాలు. కాగితం వెడల్పు చాలక కింద రాశారు గానీ వాళ్ళ అసలు చోటు ఇంటికి నట్టనడుమ, లోపలి గదిలోనట. బయటికి చూస్తే అందరూ ఒక్కలాగే ఉంటారు. మారేదంతా లోపలి అరలోనే మారుతుంది. అందుకని పిల్లలు వాళ్ళని చదవరు, మేస్టర్లు వాళ్ళని చెప్పరు.

నికెల్ గొప్పతనం ఏమిటో కూడా ఆవిడే చెప్పింది. "పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారే. పట్టుకున్నదాన్ని వదిలెయ్యడమే దాని విద్య. గంధకం లాంటిదేదో వచ్చి అంటుకుని, వదలకుండా కూర్చుందనుకో, నికెల్ పని అక్కడితో సరి."

నికెలక్కకి అది తెలుసు. ఫ్యాక్టరీలో దాన్ని విషం పట్టడం అంటారు. శుభ్రం చేయని నూనె ట్యాంకులోకి వెళ్తే నికెల్‌కి విషం పట్టి పొడి ఉత్త మట్టిలా పడి ఉంటుంది. "నాకెప్పుడూ పట్టలేదండీ" అని నవ్వింది. అంటుకునేందుకు ఎవరున్నారు గనక, అని కూడా అనుకుంది గానీ పైకి అనలేదు.

చలి తగ్గే రోజుల్లో టీచర్ గారు మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. ముందు గరిట పేరు పోయింది, తర్వాత పాలవాడి పేరు. ఆ తర్వాత చార్టులో కుడివైపు గొప్పింటివాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. ఆ గళ్ళ మీద వేలు పెట్టి, "వీళ్ళెవరో మన వీధివాళ్ళు కారు" అనేది. వైద్యుడు చూసి, వయసు తెచ్చే మరుపని, ఇది వచ్చాక వెనక్కి పోదని చెప్పాడు. నికెలక్క అవే పేర్లు మళ్ళీ మళ్ళీ చెప్పేది, తొమ్మిదో తరగతిలో తనకి ఆవిడ చెప్పినట్టే.

ఒక సాయంత్రం కళ్ళజోళ్ళాయన ఆమెని కొట్లోనే ఆపాడు. చేతిలో ఫ్రేము, దాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు. ఆమె మొహం వైపు చూడలేదు.

"అమ్మా, ఈ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు."

"చెప్పండి బాబాయి గారూ."

"నువ్వు పక్కనుంటే జరగబోయేది తొందరగా జరుగుతుందిగా. మా అక్కకి జరుగుతున్నదేమిటో నీకూ తెలుసు."

ఊరందరి ఇళ్ళలో కాలు పెట్టే ముందు, ఇక్కడ జరగబోయేదేమిటా అని ఆలోచించే మనిషి, ఈ ఒక్క ఇంట్లో ఆ ఆలోచనే చేయలేదు. సంతోషంగా ఉన్నచోట ఎవరు ఆలోచిస్తారు? తల ఊపి వెనక్కి తిరిగింది. లోపలి నుంచి టీచర్ గారు "ఎవరురా వచ్చింది?" అని అడుగుతోంది. "కళ్ళజోడు కోసమేలే అక్కా" అని ఆయన జవాబు చెప్పడం మెట్లు దిగుతుంటే వినబడింది.

ఆ తర్వాత ఆమె ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేసింది. ఫ్యాక్టరీ నుంచి చుట్టూ తిరిగి, సైకిళ్ళ సందులోంచి ఇంటికి చేరేది. వీధివాళ్ళ పిలుపులు మామూలే. రంగులు ఆరాయి, పిండి పొంగింది, పళ్ళు వచ్చాయి. పని చూసుకుని ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, ఇనప తలుపు చప్పుడు తప్ప రోజంతటిలో తనకోసం వినబడ్డ మాట ఒక్కటి ఉండేది కాదు. ఇదివరకూ అంతే కదా, కొత్తగా పోయిందేముంది అని తనకి తాను సర్దిచెప్పుకునేది. రుచి తెలియని నాలుకకి చప్పిడి కూడు సరిపోతుంది, రుచి మరిగిన నాలుకకి సర్దిచెప్పడమే కష్టం. రాత్రిళ్ళు అడుగు రెండు వరుసల పేర్లు పైకి చదువుకుంటూ పడుకునేది. సీరియం, ప్రసియోడిమియం, నియోడిమియం. వినేవాళ్ళు లేకపోతే పేర్లు కూడా ఒంటరిగానే ఉంటాయని ఆమెకి అనిపించేది.

వానలు మొదలయ్యాక ఒక రోజు షిఫ్టు వదిలే వేళకి కళ్ళజోళ్ళాయన ఫ్యాక్టరీ గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే గొడుగు ఆమె వైపు వంచి తను తడవడం మొదలుపెట్టాడు.

"నువ్వు రాకపోయినా ఆగలేదమ్మా" అన్నాడు. "అదే నడక. నువ్వు వచ్చిన రోజుల్లో ఎంత పోయేదో ఇప్పుడూ అంతే పోతోంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అనవసరంగా నీ ఉసురు పోసుకున్నాను."

దారిలో మిగతాది చెప్పాడు. ఒక మంచి పూట, తెలివి తేటగా ఉన్నప్పుడు, చేసిన పని అక్క ముందు ఒప్పుకున్నాడట. ఆవిడ తిట్టలేదు, పాఠం చెప్పినట్టు చెప్పిందట. అన్నిటిలోకీ అడుగు వరుసలో థోరియం, యురేనియం అని ఉన్నాయి. అవి తరిగేది వాటంతట అవే, లోలోపల. కాల్చినా, మంచులో పెట్టినా, పక్కన నికెల్ పెట్టినా, ప్లాటినం పెట్టినా వాటి నడక మారదు. ఎవరూ తొందరపెట్టలేరు, ఎవరూ ఆపలేరు. "నాది ఆ వరుసరా. ఆ పిల్లని రమ్మను" అందట. ఏ పిల్ల అంటే పేరు చెప్పలేకపోయింది. చార్టు మీద నికెల్ గడి చూపించింది.

నికెలక్క ఆ రాత్రి వాన వెలిసే దాకా అక్కడే కూర్చుంది. టీచర్ గారు ఆమెని ఒకసారి విద్యార్థిని అనుకుంది, ఒకసారి చిన్నప్పుడు పోయిన పిన్ని అనుకుంది. ఎవరనుకున్నా మణికట్టు మాత్రం గట్టిగా పట్టుకుంది. ఆవిడ మర్చిపోయినవాటిలో, వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారన్న సంగతి కూడా ఒకటి. అందుకని వదిలేది కాదు. నిద్రపోయినా వేళ్ళు సడలేవి కాదు. ఇంతసేపు తనని ఎవరైనా పట్టుకోవడం నికెలక్కకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. భయమూ వేసింది, హాయిగానూ ఉంది. మళ్ళీ రోజూ వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంటికి వచ్చాక ఆ మణికట్టు మీద గోరువెచ్చగా ఉండేది, పొద్దుటికి కూడా చల్లారేది కాదు.

కొన్నాళ్ళకి ఫ్యాక్టరీలో ట్యాంకు మందగించింది. నికెలక్కని పక్కన నిలబెట్టినా పొద్దుగూకే దాకా పట్టింది. ఫోర్‌మన్ నికెల్‌కి విషం పట్టిందని పాత పొడి పారబోయించి కొత్తది పోయించాడు. అయినా అంతే. వాయువులో తేడా ఉందని గొట్టాలు విప్పించాడు. నూనె పంపినవాళ్ళని ఫోన్లో కడిగిపారేశాడు. అన్నిటినీ అనుమానించాడు గానీ పక్కన నిలబడ్డ మనిషి వైపు మాత్రం చూడలేదు. నికెలక్క గుడ్డలు గీకుతూ అన్నీ వింటోంది. విషం పట్టింది తనకేనని ఆమెకి తెలిసిపోయింది. ఆ వారమే ముక్కు కారడం మొదలైంది. అందరికీ వచ్చే మామూలు జలుబే, వీధిలో అందరికంటే ఆఖర్న ఆమెకి వచ్చింది.

జలుబుకి మందు తెచ్చిన చెల్లెలు మందు సంగతి మర్చిపోయి ఆమె తల వైపే చూస్తూ నిలబడింది. చెవి పక్కన తెల్ల వెంట్రుక ఒకటి.

"ఏమిటే ఇది?" అంది. కోపంగా కాదు, కంగారుగా. నికెలక్క ట్యాంకు సంగతీ, టీచర్ గారు పట్టుకున్న చెయ్యి సంగతీ చెప్పింది.

కంగారుకి కారణం ఉంది. చెల్లెలి మొగుడూ, ఆయన అన్నా ఒకే ఇంటిని రెండు చేసుకుని, మధ్యలో గోడ కట్టుకుని, ఏళ్ళ తరబడి మాటల్లేకుండా ఉన్నారు. మొదలైంది మెట్లు ఎవరి వైపు ఉండాలన్న దగ్గర. ఇప్పుడు ఆ ఉమ్మడి గోడ మీదుగా వాన నీళ్ళు దిగి చెల్లెలి పిల్లలు పడుకునే గది నానిపోతోంది. నాది కాదంటే నాది కాదని ఇద్దరూ ఇటుక ముట్టరు. పిల్లలు తడి గోడ పక్కన దగ్గుతూ పడుకుంటున్నారు. ఎంతోమంది కాళ్ళు పట్టుకోగా, వచ్చే ఆదివారం తమ్ముడింట్లో కూర్చోడానికి అన్న ఒప్పుకున్నాడు. ఆ రోజు కోసమే చెల్లెలు అక్కని దాచుకుంది.

"ఊరందరికీ చేశావు, నాకొక్కసారి చెయ్యి" అంది. "ఆదివారం దాకా ఆ టీచరమ్మ దగ్గరికి వెళ్ళకు. మొహమాటపడకు. కడిగి ఆరనిస్తే నికెల్ మళ్ళీ లేస్తుందని నువ్వే చెప్పావుగా."

కడిగితే లేచే విషాలున్నాయి, లేవనివీ ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి నికెలక్కకి మనసొప్పలేదు. తడి గదిలో పడుకునే పిల్లలు తన ఒళ్ళో పెరిగినవాళ్ళే. పైగా పని చేయని నికెలక్కని ఎవరు పిలుస్తారు? పిలుపులు పోతే ఈ వీధిలో తను ఎవరు? సరేనని మాటిచ్చింది.

మాట ఇచ్చినట్టే ఇంట్లో ఉండిపోయింది. సాయంత్రాలు తలుపు గడియ పెట్టుకుని మంచం మీద కూర్చునేది. పొయ్యి దగ్గర నిలబడి చూసుకుంటే టీ కాస్త ముందే మరుగుతున్నట్టుంది. నిజమో, ఆశో తెలియలేదు. మణికట్టు చల్లబడుతోంది. అది మాత్రం నిజం. శనివారం సాయంత్రానికి పూర్తిగా చల్లబడింది. మంచం మీద అలాగే కూర్చుని రెండో చేత్తో దాన్ని పట్టుకుని చూసుకుంది. తన చెయ్యి తను పట్టుకుంటే పట్టుకున్నట్టే లేదు. ఆ ఇంటి నుంచి ఎవరూ కబురు పెట్టలేదు. ఏ పనికీ రమ్మనలేదు. నికెలక్క లేచి, గడియ తీసి, చెప్పులేసుకుని బయల్దేరింది. ఎవరూ పిలవని ఇంటికి తనంతట తను వెళ్ళడం అన్నేళ్ళలో అదే మొదటిసారి. ఆదివారం ఏమవుతుందో నడుస్తున్నంతసేపూ తెలుస్తూనే ఉంది. తెలిసే వెళ్ళింది.

ఆదివారం చెల్లెలింట్లో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కుర్చీ వేసి నికెలక్కని కూర్చోబెట్టారు. చెల్లెలు తలుపు చాటున నిలబడింది. కొత్త కప్పుల్లో టీలు వచ్చాయి. అన్న పైకప్పు చూశాడు, తమ్ముడు కాళ్ళ గోళ్ళు చూసుకున్నాడు. పక్కగదిలో పిల్ల దగ్గింది. ఆ దగ్గుకి అన్న తల తిరిగింది గానీ నోరు తెరవలేదు. నికెలక్క కళ్ళు మూసుకుని, ఒక్కసారి, ఈ ఒక్కసారి, అని లోపల్లోపల వేడుకుంది. ఏమీ కదల్లేదు. టీల మీద మీగడ కట్టింది. చివరికి అన్న లేచి, "సరే మరి" అని ఎవరితోనో అన్నట్టు అని చెప్పులేసుకున్నాడు. ఆయన వెళ్ళిన కాసేపటికి గోడకి ఆవల తలుపు వేసిన చప్పుడైంది.

తమ్ముడు కండువా దులుపుకుని బయటికి పోయాడు. చెల్లెలు ముట్టని కప్పులు తీసి ట్రేలో పెట్టింది.

"వెళ్ళావు కదూ" అంది ఆఖరికి.

"వెళ్ళాను."

"అయితే ఇక నువ్వూ మా అందరిలాంటి మనిషివే" అంది చెల్లెలు. తిట్టుగానే అంది, కానీ తిట్టులా వినబడలేదు. నికెలక్క ఆమె చేతిలోంచి ట్రే తీసుకుని కప్పులు కడిగి బోర్లించింది. పిల్లల మంచాన్ని తడి గోడకి దూరంగా లాగింది. మంచం బరువుగా ఉంది, ఒక్కత్తే లాగేసరికి చాలాసేపు పట్టింది. చెల్లెలు చూస్తూ చూస్తూ, వచ్చి రెండో వైపు పట్టుకుంది.

ఆ సంగతి పొద్దు వాలేలోపు వీధంతా పాకింది. నికెలక్క తిరిగి వస్తుంటే అరుగుల మీదవాళ్ళు పలకరించారు గానీ ఎవరూ రమ్మనలేదు. మూలింటి ఆవిడ రంగు ఆరని తలుపుకి విసనకర్రతో విసురుతూ కూర్చుని, ఆమెని చూసి మొహమాటంగా నవ్వింది. కోపమేమీ లేదు వాళ్ళకి. విరిగిన నిచ్చెన మీద ఎవరికైనా కోపమెందుకుంటుంది? నికెలక్కకి గుండెలో ఒక మూల ఖాళీగా, ఇంకో మూల తేలిగ్గా ఉంది. రెండిట్లో ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

కళ్ళజోళ్ళ కొట్టు మూసి ఉంది. కళ్ళజోళ్ళాయన వెనక వైపు బట్టలు ఆరేస్తున్నాడు. ఆమె నేరుగా లోపలికి వెళ్ళింది. టీచర్ గారు కిటికీ పక్కన పొడుగు బల్ల మీద, సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంది. చార్టు ఎదురుగానే ఉంది గానీ అటు చూడడం లేదు. ఈమధ్య ఇనుము, రాగి కూడా వెళ్ళిపోయాయి. నిన్న సాయంత్రం చూపించి అడిగితే నికెల్ గడిని కూడా పోల్చుకోలేదు. అడుగుచప్పుడుకి తల తిప్పి, కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది.

"ఎవరమ్మా?"

"నేనండీ."

"ఏం పని మీద వచ్చావు?"

నికెలక్క జవాబు కోసం వెతుక్కుంది. ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉండేది. ఇవాళ ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

"పనేం లేదండీ" అంది.

టీచర్ గారు ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించింది. పోయినవి పోగా మిగిలిన తెలివినంతా దాని మీదే పెట్టినట్టుంది.

"పనేం లేకపోతే మరి తొందరేముంది?" అని, బల్ల మీద ఒక పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చింది.